అరవై కుర్చీలు

మా బావ పిరికివాడు. ఈ మాట నేను ముప్పై ఏళ్ళపాటు ఊరంతా టముకు వేశాను. టీ కొట్టు దగ్గర చెప్పాను, గ్రీన్‌రూములో చెప్పాను, ఆయన్ని ఎదురుగా పెట్టుకుని మరీ చెప్పాను. బావమరిదిని కదా, ఆ మాత్రం చనువు ఉంటుంది. ఆయనా నవ్వి ఊరుకునేవాడు. ఇప్పుడు ఆ మాట ఇంకెవరైనా అంటే నాకు ఒళ్ళు మండుతుంది. ఎందుకు మండుతుందో చెప్పాలంటే నా పరువు కొంత పోతుంది. పోతే పోనీ.

ఆయన మా అక్క మొగుడు. ఊళ్ళో మిగిలిన ఒకే ఒక్క నాటకాల హాలుకి ఓనరు. నేను దానికి మేనేజర్ని. ఒకప్పుడు ఇంకో రెండు హాళ్ళుండేవి. ఒకటి ఫర్నిచర్ షాపు అయిపోయింది, రెండోది గోడౌన్ అయింది. కాబట్టి పాట నేర్చుకున్న పిల్ల నలుగురి ముందు పాడాలన్నా, బడి పిల్లలు వార్షికోత్సవం చేసుకోవాలన్నా, కవులు ఒకరి కవిత్వాన్ని ఒకరు భరించాలన్నా మా హాలే గతి. మా బావ పాడలేడు, ఆడలేడు, నాలుగు వాక్యాలు వరసగా మాట్లాడలేడు. కానీ ఊళ్ళో పాడేవాళ్ళలో, ఆడేవాళ్ళలో ఆయన తలుపు తీయకుండా పైకొచ్చినవాడు ఒక్కడూ లేడు. ఖాళీ రోజుల్లో రిహార్సల్స్‌కి హాలు ఊరికే ఇచ్చేసేవాడు. నేను గొణిగితే, "మన పని తలుపు తీయడంరా. లోపల ఏం చేస్తారో వాళ్ళ ఇష్టం" అనేవాడు.

కొత్తవాళ్ళు ఎవరైనా మైకు ముందు బిగుసుకుపోతే బావ బాల్కనీలోకి వెళ్ళి నిలబడేవాడు. చెయ్యి ఊపి, "పైకి వినిపిస్తోంది, కానివ్వు" అనేవాడు. వినిపించినా వినిపించకపోయినా అదే మాట. ఆ ఒక్క ముక్కతో గొంతు విప్పినవాళ్ళు కనీసం వంద మంది ఉంటారు.

ఇక ఆయన భయం. ప్రతి షోకి ముందు హాలుకున్న తొమ్మిది తలుపులనూ లోపలి నుంచి భుజంతో నెట్టి చూసేవాడు. బాల్కనీ రైలింగుని ఈ చివర నుంచి ఆ చివర దాకా పట్టుకుని ఊపేవాడు. టార్చి వేసుకుని బాల్కనీ అడుగున ఉన్న దూలాలన్నీ పరీక్షగా చూసేవాడు. "అనుమానం పెనుభూతం బావా" అని నేనంటే, "భూతమైనా ఫరవాలేదు, టికెట్ కొనుక్కుని కూర్చుంటే" అనేవాడు. నవ్వుతూ అన్నా కళ్ళు మాత్రం దూలం మీదే ఉండేవి.

ఆ భయం ఊరికే పుట్టలేదు. బావకి పదహారేళ్ళప్పుడు హాలు వాళ్ళ నాన్న నడిపేవాడు. ఒకరోజు ఆట మధ్యలో స్టేజీ పక్కన బల్బు ఒకటి ఢామ్మని పేలింది. మంట లేదు, పొగ లేదు. జనం ఉలిక్కిపడి మళ్ళీ సర్దుకుని కూర్చుంటున్నారు. వాళ్ళ నాన్న మంచి మనసుతోనే స్టేజీ మీదికి పరుగెత్తుకొచ్చి, మైకు పట్టుకుని, "ఎవరూ కంగారు పడకండి" అన్నాడు. ఆయన ఆ మాట అనేదాకా ఎవరికీ కంగారు లేదు. అన్నాక ఆపడం ఎవరి తరమూ కాలేదు. బాల్కనీ మెట్ల మీద పదకొండు మంది కాళ్ళూ చేతులూ విరగ్గొట్టుకున్నారు. టికెట్లు చించే ఆయన భార్య మెట్ల మలుపులో పడిపోయింది. మళ్ళీ లేవలేదు. బావ ఆ మలుపులోనే ఉన్నాడు. ఆమె చెయ్యి ఆయన చేతిలోనే ఉండిపోయిందట.

"మంట చంపలేదురా, మాట చంపింది" అని ఒకే ఒక్కసారి నాతో అన్నాడు.

అందుకే హాల్లో పనిచేసేవాళ్ళకి రెండు కట్టుబాట్లు పెట్టాడు. ఏం జరిగినా పరుగెత్తకూడదు. ఏం జరిగినా 'కంగారు పడకండి' అనకూడదు. తను మాత్రం జన్మలో స్టేజీ ఎక్కనన్నాడు. పెద్దమనుషులు బతిమాలినా ఎక్కలేదు. ముప్పై ఏళ్ళుగా స్టేజీకి ఓనరు, ఒక్కసారి దాని మీద కాలు పెట్టలేదు. దీని మీద నేను వేసిన జోకులకి లెక్కే లేదు.

మూడో కట్టుబాటు మా అక్కకి సంబంధించింది. ఆమె పెళ్ళయి వచ్చిన కొత్తలో, బాల్కనీ గట్టిది కాదని ఎవడో పుకారు పుట్టించాడు. ఇంజనీరు వచ్చి చూసి బాగానే ఉందన్నా జనం పైకెక్కడం మానేశారు. అప్పుడు బావ అక్కని తీసుకెళ్ళి బాల్కనీ ముందు వరసలో, నడిమి కుర్చీలో కూర్చోబెట్టాడు. "మనవాళ్ళు కూర్చోని చోట ఇంకొకళ్ళని కూర్చోబెట్టకూడదు" అన్నాడు. ఓనరు పెళ్ళామే కూర్చుందని జనం ధైర్యం చేశారు. ఆ రోజు నుంచి ప్రతి ఆటకీ ఆ కుర్చీ ఆమెదే. బాల్కనీలో మూడు వందల మందిని మించి ఎక్కించకూడదన్నది కూడా అప్పటి లెక్కే.

ఇక ఆ ఆదివారం సంగతి.

మా ఊళ్ళో బళ్ళో లెక్కలు చెప్పే మాస్టారొకాయన ఉన్నాడు. ఆయన హాస్య నాటకం మా హాల్లో రెండేళ్ళుగా ప్రతి ఆదివారం మధ్యాహ్నం ఆడుతోంది. చివర్లో రైలు సీను. స్టేజీ మీద కుర్చీలు వరసగా పెట్టి, మాస్టారు పచ్చజెండా ఊపి, "మన రైలుకి ఇంజను లేదు, మీరే ఇంజను" అంటాడు. హాలంతా కాళ్ళతో నేలని తడుతుంది. ముందు మెల్లిగా, తర్వాత జోరుగా. ఊళ్ళో ఆయన్ని రైలు మాస్టారు అనే పిలుస్తారు, అసలు పేరు ఆయనకైనా గుర్తుందో లేదో. ఆ రైలు ఎక్కడానికే జనం మళ్ళీ మళ్ళీ వచ్చేవారు. అక్క తొంభై తొమ్మిది సార్లు చూసింది. ప్రతి జోకుకీ అందరికంటే అర క్షణం ముందే నవ్వేది.

ఆ ఆదివారం నూరో ఆట. బుధవారానికే టికెట్లు అయిపోయాయి. మిగిలినవాళ్ళంతా నా మీద పడ్డారు. మా పిల్లల డాక్టరు అడిగాడు, పక్కింటివాళ్ళు అడిగారు, ఎప్పుడూ పలకరించని మా వేలువిడిచిన మేనమామ కూడా అడిగాడు. లేదనడం నాకు చేతకాదు. మొహమాటం ఒకటి, పొగరు ఒకటి. నూరో ఆటకి జనాన్ని గేటు దగ్గర నుంచి తిప్పి పంపితే ఇక మేనేజర్ని ఎందుకు అనిపించింది. బావ మధ్యాహ్నం తన తలుపులూ దూలాలూ చూసుకుని గ్రీన్‌రూములోకి వెళ్ళగానే, స్టోరు గదిలో ఉన్న అరవై మడత కుర్చీలూ తీయించి బాల్కనీలో వేయించాను. వెనక వరస దాటాక కొన్ని, నడిచే దారుల్లో కొన్ని.

అక్క తన కుర్చీలో కూర్చోబోతూ చూసింది. "ఒరేయ్, మీ బావకి చెప్పావా?"

"చెప్పాన్లేవే."

ఆమె నమ్మి కూర్చుంది.

ఇంటర్వెల్ అయి రెండో భాగం మొదలైంది. నేను కింద హాల్లో, బాల్కనీ నీడలో నిలబడి నిండిన వరసలు చూసుకుని మురిసిపోతున్నాను. పక్కన బావ ఉన్నాడు. ఆయన నాటకం చూడడు, జనాన్ని చూస్తాడు. పక్క తలుపు సందులోంచి సన్నగా ఎండ పడుతోంది. బావ దాన్నే చూస్తూ నా మోచెయ్యి పట్టుకున్నాడు.

"అది చూడరా."

"దుమ్ము బావా. రేపు ఊడిపిస్తాను."

"దుమ్ము తేలుతుంది. అది రాలుతోంది."

చూశాను. నిజమే. పిండి జల్లెడ పట్టినట్టు, ఒకే చోట, తిన్నగా కిందికి పడుతోంది. పైన జనం నవ్వితే ఎక్కువవుతోంది. నవ్వు ఆగితే సన్నబడుతోంది. బావ చెయ్యి చాపి అరచేతిలోకి కాస్త పట్టి, వేళ్ళ మధ్య నలిపాడు. "సున్నం కాదు, సిమెంటు" అన్నాడు. తల పైకెత్తాం. బాల్కనీ ముందు దూలానికి అడ్డంగా నల్లగా ఒక గీత. నా చూపుడు వేలు దూరేటంత ఉంది.

"ఆటకి ముందు ఇది లేదు" అన్నాడు.

ఆ దూలానికి సరిగ్గా పైన, ముందు వరసలో, నడిమి కుర్చీలో మా అక్క ఉంది.

"పైన ఎంతమంది?" అన్నాడు బావ.

"మూడొందలు."

ఆ సమయంలో కూడా నా నోట్లోంచి అబద్ధమే వచ్చింది. ఆయన నా మొహంలోకి చూశాడు. "రైలు సీనుకి ఎంత టైముంది?" అని మాత్రం అడిగాడు.

"పన్నెండు నిమిషాలు."

ఇద్దరికీ ఒకటే తలపుకి వచ్చింది. మూడొందల అరవై మంది ఒక్క ఊపులో కాళ్ళతో తడతారు. ఆ దూలం మీద. దాని కింద ఇంకో నూటయాభై మంది ఉన్నారు. "ఆట ఆపేద్దాం బావా, అందర్నీ దిగిపొమ్మందాం."

"ఎందుకని అడుగుతారు."

"పోనీ ఇంకో ఇంటర్వెల్ ఇద్దాం."

"ఇప్పుడే ఇచ్చాం. మళ్ళీ ఇస్తే అనుమానం వస్తుంది. అందరూ ఒక్కసారి లేస్తారు. మెట్లు ఒకటే." మెట్లనగానే ఆయన గొంతు బొంగురుపోయింది. నుదుటి మీద చెమట కారుతోంది, తుడుచుకోవట్లేదు. కత్తివాటు వేసినా నెత్తురు చుక్క రాదు, అలా ఉంది ఆ మొహం. "ఒక్కొక్కళ్ళుగా లేవాలిరా. భయం లేకుండా, తొందర లేకుండా, వాళ్ళంతట వాళ్ళే లేచి పోవాలి. జనం అలా ఎప్పుడు లేస్తారు?"

జవాబు కూడా ఆయనే చెప్పాడు. "వందన సమర్పణకి."

మామూలు రోజైతే పడీపడీ నవ్వేవాణ్ణి. హాలు నడిపేవాళ్ళందరికీ తెలిసిన నిజం అది. ఎంత గొప్ప సభైనా, చివర్లో ఒకాయన కాగితం తీసి పేరుపేరునా ధన్యవాదాలు మొదలుపెట్టగానే జనం జారుకుంటారు. పరుగెత్తరు, తోసుకోరు. ఒకరు దగ్గుతూ లేస్తారు, ఒకరు ఫోను చూసుకుంటూ లేస్తారు, ఒకరు పిల్లాడి వంక పెట్టుకుని లేస్తారు. చెప్పేవాడికి వినేవాడు లోకువంటారు గానీ, వందన సమర్పణలో మాత్రం చెప్పేవాడే లోకువ.

"ఎవరు చెప్తారు?" అన్నాను.

ఆయన స్టేజీ వైపు నడిచాడు. పరుగెత్తలేదు. నేనూ వెనకే నడిచాను.

సైడు వింగులో మాస్టారి చెవిలో రెండు ముక్కలు చెప్పాడు. మాస్టారి పెదాలు తెల్లబడ్డాయి. కానీ నటుడు కదా, మరుక్షణం నవ్వు తగిలించుకుని వెలుతురులోకి వెళ్ళాడు. "రైలు స్టేషన్లోనే ఆగింది. ఇది నూరో ఆట కదా, సిగ్నల్ ఇచ్చే ముందు మన ఓనరు గారు నాలుగు ముక్కలు మాట్లాడతారు" అన్నాడు. జనం చప్పట్లు కొట్టారు. నేను వింగులోంచి చూస్తున్నాను, ఎండ పట్టీలో పొడి జలజలా రాలింది.

బావ మైకు ముందు నిలబడ్డాడు. నోరు తెరిచాడు. మాట రాలేదు. ఒక నిమిషం గడిచింది. హాల్లో గుసగుసలు మొదలయ్యాయి. ఇక అయిపోయింది, ఈయన కూడా వాళ్ళ నాన్న మాటే అనేస్తాడని నా పై ప్రాణాలు పైనే పోయాయి.

అప్పుడు బాల్కనీ ముందు వరసలోంచి ఒక ఆడగొంతు వినిపించింది. "పైకి వినిపిస్తోంది, కానివ్వండి."

జనం నవ్వారు. బావ అటు చూసి, ఊపిరి తీసుకుని మొదలుపెట్టాడు.

"ముందుగా ఈ హాలుకి కరెంటు పని చేసిన పెద్దాయనకి ధన్యవాదాలు. ఆయన కొడుక్కి, ఇప్పుడు చేస్తున్న మనవడికి. తెర కుట్టిన దర్జీకి. తెర చినిగితే మళ్ళీ కుట్టిన వాళ్ళావిడకి..."

నేను బాల్కనీ మెట్లెక్కాను. ఎక్కాలని లేదు. ఒక్కో మెట్టుకీ నా బరువు కూడా ఆ దూలం మీదికే పోతుందనిపించింది. కానీ దారుల్లో ఉన్న కుర్చీలు నేను వేసినవే. అవి తీయకపోతే ఎవరూ లేచి బయటికి రాలేరు. తలుపు దగ్గర నిలబడి చూస్తున్నాను. రెండు నిమిషాలు ఎవరూ కదల్లేదు. మూడో నిమిషంలో ఒకావిడ పాపని ఎత్తుకుని లేచింది. నేను ఆమె కుర్చీ మడిచి గోడకి ఆనించాను. తర్వాత ఇద్దరు కుర్రాళ్ళు. తర్వాత మా పిల్లల డాక్టరు, "ఏంటయ్యా మీ ఓనరు, నూరో ఆట రోజు ఈ నస" అని నా చెవిలో అనేసి వెళ్ళాడు. నేను నవ్వాను. నవ్వుతుంటే పళ్ళు టకటకా కొట్టుకున్నాయి.

కింద ధన్యవాదాలు సాగుతూనే ఉన్నాయి. "ఇరవై ఏళ్ళ కింద ఈ స్టేజీ మీద మొదటిసారి పాడి, మధ్యలో మర్చిపోయి ఏడ్చిన అమ్మాయికి. మరుసటి వారం మళ్ళీ వచ్చి పాడినందుకు. వేషం వేయడానికి ఎవరూ లేకపోతే రాజు వేషం వేసిన మా వాచ్‌మన్‌కి. ఖాళీ హాలుకి కవిత్వం చదివిన కవులకి..." ఇంతమంది ఆయన బుర్రలో వరసగా ఎలా ఉన్నారో నాకు తెలియదు. ముప్పై ఏళ్ళు జనాన్నే చూశాడుగా. ఇంకో రోజైతే కూర్చుని వినేవాణ్ణి.

జనం ముగ్గురుగా, ఐదుగురుగా దిగుతున్నారు. కొందరు విసుక్కుంటున్నారు, కొందరు టీ తాగి వద్దామనుకుంటున్నారు. కింద దూలం నీడలో కూర్చున్నవాళ్ళూ లేస్తున్నారు. నేను మడిచిన కుర్చీలు లెక్కపెట్టుకుంటున్నాను. ఇరవై. ముప్పై నాలుగు. అప్పుడు మైకులో వినిపించింది.

"ఈ రోజు బాల్కనీలో అరవై కుర్చీలు అదనంగా వేసిన మా బావమరిదికి ధన్యవాదాలు."

గొంతులో కోపం లేదు. మిగతా పేర్లు చదివినట్టే చదివాడు. వెనక వరసలో ఇద్దరు చప్పట్లు కొట్టారు. నాకు భూమి రెండుగా చీలితే బాగుండుననిపించింది, మరుక్షణం అలా అనుకున్నందుకే వణుకొచ్చింది.

వంద మందికి లోపు మిగిలాక, మాస్టారు మేకప్పు మొహంతోనే హాలు ముందున్న వాకిట్లోకి వెళ్ళి పచ్చజెండా ఊపాడు. "రైలు ఇక్కడికి వచ్చేసిందండీ" అని అక్కడ కబురు పుట్టింది. మిగిలినవాళ్ళు కూడా నింపాదిగా బయల్దేరారు. ఆఖరి వరసలో ఒక ముసలాయన గుర్రుపెట్టి నిద్రపోతున్నాడు. భుజం తట్టి లేపాను. "అయిపోయిందా? బాగుంది బాబూ" అంటూ చేతికర్ర వెతుక్కుని దిగిపోయాడు.

ఇక బాల్కనీలో పైన తలుపు దగ్గర నేనూ, కింద రైలింగు పక్కన ముందు వరసలో మా అక్కా. ఆమె వీపు కనిపిస్తోంది. కదలట్లేదు.

మెట్ల మీదుగా ఒక్కో వరసా దిగాను. నా బరువుకి ఎక్కడో కింద గరగరమని చప్పుడు. వెనక్కి పారిపోవాలనిపించింది. అబద్ధం చెప్పను, ఒక అడుగు వెనక్కి వేశాను కూడా. మళ్ళీ దిగాను.

"అక్కా, లే. అందరూ వెళ్ళిపోయారు."

"తెలుసు." ఆమె రెండు చేతులూ రైలింగు మీద ఉన్నాయి. రైలింగు సన్నగా అదురుతోంది, ఆమె గాజులు దాని మీద టిక్కుటిక్కుమంటున్నాయి. "ఆయన స్టేజీ ఎక్కినప్పుడే తెలిసిందిరా."

"తెలిసి కూర్చున్నావా?"

"ఓనరు పెళ్ళాం ముందు లేస్తే వెనక ఉన్నవాళ్ళు ఊరుకుంటారా? మెట్ల మీద తొక్కిసలాట అయ్యేది." ఆమె రైలింగు వదల్లేదు. "భయమేస్తోందిరా. కాళ్ళు రావట్లేదు."

నేను ఆమె చెయ్యి పట్టుకున్నాను. మంచులా ఉంది. స్టేజీ మీద బావ మమ్మల్నే చూస్తున్నాడు. ఖాళీ హాలుకి మాట్లాడుతున్నాడు, ఆపట్లేదు. "చివరిగా, నా భయం తీరడానికి ముప్పై ఏళ్ళు ఒకే కుర్చీలో కూర్చున్న మా ఆవిడకి ధన్యవాదాలు. ఇక లేవొచ్చు."

అక్క లేచింది. "పరుగెత్తకు" అంది నాతో. పరుగెత్తలేదు. తలుపు దాకా ఇరవై రెండు మెట్లూ పైకి నడిచాం. ప్రతి మెట్టూ నాకు ఇప్పటికీ గుర్తే. తలుపు దాటి గోడని పట్టుకున్నాం. బయట వాకిట్లో నాలుగొందల మంది నేలని కాళ్ళతో తడుతూ రైలు నడుపుతున్నారు. ఆ చప్పుడులో, మా వెనక, దూలం లోంచి తలుపంత పెచ్చు ఊడి కింది కుర్చీల మీద పడింది. ముందు వరసలో నడిమి కుర్చీ కిందికి ఒరిగి ఆగింది. బయట ఎవరికీ వినపడలేదు. వాళ్ళు రైల్లో ఉన్నారు.

మర్నాడు ఇంజనీరు వచ్చి దూలంలో ఇనుము తుప్పు పట్టిందన్నాడు. లోపలి రోగం టార్చికి దొరకదన్నాడు. ప్రతివారం ఆ తొక్కుడు ఒకటి, పైగా బరువు ఎక్కువైంది, ఎవరు ఎక్కించారని అడిగాడు. నేను నేలచూపులు చూశాను. బావ, "ఓనర్ని నేను, తప్పు నాది" అన్నాడు. నేను నోరు విప్పలేదు.

హాలు ఎనిమిది నెలలు మూసేశాం. మరమ్మతులని బోర్డు పెట్టాం. భయపెట్టే మాట ఎవరికీ చెప్పొద్దన్నాడు బావ, ఒకసారి చెబితే జనం మళ్ళీ పైకెక్కరని. ఆ ఎనిమిది నెలలూ ఊరు మూగబోయింది. పాటల బడి పిల్లలు కార్ల షెడ్డులో పాడారు. మాస్టారి రైలు ఎక్కడా ఆగలేదు, ఎందుకంటే ఎక్కడా బయల్దేరలేదు. ఊరికి మాత్రం ఒకటే గుర్తు. నూరో ఆటని నసపెట్టి చెడగొట్టిన ఓనరు. ఆయనకి 'వందన సమర్పణ' అని పేరు పడిపోయింది. సంతలో పిలిచారు, బస్సులో పిలిచారు. ఆయన నవ్వి ఊరుకున్నాడు. నిజం తెలిసినవాణ్ణి నేనున్నాను, ఊరుకున్నాను. ఎవరు పిరికివాడో మీరే చెప్పండి.

కొత్త దూలాలతో, రెండు స్తంభాలతో హాలు మళ్ళీ తెరిచిన రోజు అందరూ కలిసి వందన సమర్పణ నాకు అంటగట్టారు. నేను ఒప్పుకున్నాను. ఎందుకో చెప్పనా? చెప్పాల్సింది చివర్లో పెట్టుకుంటే అప్పటికి వినేవాడు ఉండడని. అలాగే అయింది. తాపీ మేస్త్రీకీ రంగులవాడికీ ధన్యవాదాలు చెప్తుండగానే హాలు ఖాళీ అయింది. అప్పుడు కాగితం మడిచి జేబులో పెట్టాను.

"ఆ రోజు అరవై కుర్చీలు వేసింది నేను. అక్కతో అబద్ధం చెప్పింది నేను. మూడొందలని బావతో అబద్ధం చెప్పింది కూడా నేనే. ఇంజనీరు ముందు నోరు మూసుకున్నాను. మా బావని పిరికివాడని..." ఇక గొంతు రాలేదు.

బాల్కనీ ముందు వరసలో ఇద్దరున్నారు. నడిమి కుర్చీలో అక్క, పక్కన బావ.

"పైకి వినిపిస్తోంది, కానివ్వు" అన్నాడు బావ.

"ఇక చాలు" అంది అక్క. "పైకి రా. వచ్చి ఇక్కడ కూర్చో."

నూరో ఆట తర్వాత అప్పటిదాకా నేను బాల్కనీ గడప తొక్కలేదు. అయినా ఎక్కాను. ఇరవై రెండు మెట్లు దిగి, అక్కకి ఇవతలి కుర్చీ ముందు నిలబడ్డాను. వెంటనే కూర్చోలేకపోయాను. రైలింగు పట్టుకుని, ఈ చివర నుంచి ఆ చివర దాకా ఊపి చూశాను. తర్వాత వచ్చి కూర్చున్నాను.

అక్క బావ వైపు తిరిగి, "మీకు తోడు ఇంకొకడు తయారయ్యాడు" అంది.